చింతపిక్కల గ్రాఫులో మా గిన్నె

వచ్చే నెల ఎదురింటి సుబ్బాయమ్మగారి అబ్బాయి పెళ్లి. ఆ పెళ్లి భోజనాల్లోకి ఆవకాయ కలిపేది నేను కాదండోయ్! ఎవరూ నాకు అన్యాయం చెయ్యలేదు. కూర్చోబెట్టి పాఠం చెప్పి మరీ నేనే పోగొట్టుకున్నాను. ఎలాగంటారా? టీ చల్లారేలోపు చెప్పేస్తాను.

మా వీధిలో పెళ్లి ఆవకాయ కలిపే చెయ్యి ఎవరిదన్నది చిన్న విషయం కాదు. పెళ్లికొడుకు ఉద్యోగం ఏమిటో మర్చిపోతారు గానీ, ఆవకాయ ఎవరు కలిపారో మర్చిపోరు. ఇన్నాళ్లూ ఆ పిలుపు నాకే వచ్చేది. ఈసారి సుబ్బాయమ్మగారు నా మొహం మీదే, "టీచరుగారూ, మిమ్మల్ని పిలవాలా, మీ పక్కింటి రాజ్యలక్ష్మిని పిలవాలా అని ఆలోచిస్తున్నానండీ" అన్నారు.

"దాందేముందండీ, మీ ఇష్టం" అని నవ్వాను. పైకి.

ఆ వారమే మా మనవరాలు సింధు సెలవులకి ఒంగోలు నుంచి వచ్చింది. అది వచ్చిన రోజే మా ఇంట్లో ఆవకాయ కలిపాను కూడా. దాన్ని మూడో తరగతిలో వేస్తారట, పుస్తకాలు ముందే కొనేశారు. లెక్కల పుస్తకంలో గ్రాఫులు చూసి, "నాయనమ్మా, ఈ నిలువు డబ్బాలేంటి?" అంది. రిటైరైనా చాక్‌పీసు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. వీధిలో పిల్లలందర్నీ వరండాలోకి పిలిచాను.

చిన్నపిల్లలకి గ్రాఫ్ నేర్పాలంటే బొమ్మల్లో ఆపిల్ పళ్లు చాలవు. వాళ్లే తినాలి, వాళ్లే తేల్చాలి, వాళ్లే పేర్చాలి. మా వీధిలో కొత్త ఆవకాయ తిరగ కలపగానే ఇరుగుపొరుగుకి గిన్నెలు వెళ్తాయి. వెళ్లిన గిన్నె ఖాళీగా రాదు, వాళ్ల ఆవకాయతో వస్తుంది. ఎవరిది తిన్నా "అద్భుతం" అనాలి. ఇంకో మాటంటే మరుసటేడు గిన్నె రాదు! అలా మా వంటింట్లో నాలుగు రకాలు చేరాయి. మాది, రాజ్యలక్ష్మిది, పాస్టరుగారింటిది, చివరింటివాళ్లది.

సింధు చేత నాలుగూ ఒకేలాంటి గిన్నెల్లో వేయించాను. గచ్చు మీద అడ్డంగా ఒక గీత, దాని పైన నిలువుగా గళ్లు, గీత కింద క, ఖ, గ, ఘ అని రాసి ఒక్కో అక్షరం దగ్గర ఒక్కో గిన్నె. ఏది ఎవరిదో సింధుకి తప్ప ఎవరికీ తెలియదు. నాక్కూడా! అంత నిజాయితీ ఎందుకంటే, గెలిచేది మేమేనన్న ధైర్యం.

"నాలుగూ అన్నంలో కలుపుకుని తినండి. నచ్చినదాని పైన ఒక్క చింతపిక్క పెట్టండి. గడికి ఒక్కటే. కింది గీత నుంచే మొదలుపెట్టాలి, మధ్యలో గడి వదలకూడదు. ఎందుకు?"

"పొట్టిది పొడుగ్గా కనబడుద్ది మామ్మగారూ!" అన్నాడు రాజ్యలక్ష్మి మనవడు చంటి. అంటూనే రెండు గళ్లు వదిలి పైన పెట్టాడు.

"ఒరేయ్ చంటీ! కిందికి దించు!"

కారానికి బుసలు కొడుతూ, బిందెలో నీళ్లు ఖాళీ చేస్తూ పిల్లలు పని పూర్తి చేశారు. గ వరుస గోడ దాకా పాకింది. ఖ దగ్గర మాత్రం ఒకే ఒక్క పిక్క.

సరిగ్గా అప్పుడే వచ్చారు సుబ్బాయమ్మగారు, వెనకే రాజ్యలక్ష్మి. "ఏంటి టీచరుగారూ, మిట్టమధ్యాహ్నం ముగ్గులు నేర్పుతున్నారా?"

"చదవండర్రా" అన్నాను పిల్లలతో.

"గ అన్నిటికన్నా పొడుగు! ఖ అన్నిటికన్నా పొట్టి!" వీధి దద్దరిల్లింది.

గ్రాఫ్ చదవడం వచ్చేసింది. గ మాదేనని నేను లోపల ఖాయం చేసుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"ఏది పొట్టో గ్రాఫ్ చెబుతుంది. ఎందుకు పొట్టో మనం కనుక్కోవాలి" అంటూ ఖ గిన్నెలో వేలు పెట్టాను. బీపీ అని డాక్టరు వద్దన్నాక ఈ ఏడు ఏ ఊరగాయా నాలుక్కి తగలనివ్వలేదు. పాఠం కోసం తప్పలేదు.

"అబ్బే, చేదు! ఆవాలు ఎండబెట్టి రోట్లో దంచలేదు. మిక్సీలో గరగరా తిప్పేశారు. వేడెక్కితే ఆవపిండి ఇలాగే చేదెక్కుతుంది. ఒట్టి బద్ధకం!"

రాజ్యలక్ష్మి కూడా కాస్త నాలుకకి రాసుకుంది. "పోనీలెండి టీచరుగారూ, ఎవరో కొత్తకోడలు కలిపినట్టుంది. నేర్చుకుంటుందిలెండి."

"నేర్చుకోవాలంటే ముందు ఆ మిక్సీ అవతల పారెయ్యాలి" అన్నాను.

సింధు నా కొంగు లాగింది. "నాయనమ్మా, అది మనదే! కరెంటు పోయేలోపు అయిపోవాలని నువ్వేగా మిక్సీలో వేశావు? ఎవరికీ చెప్పొద్దన్నావుగా, నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు!"

చంటి వెంటనే, "మరి గ ఎవరిది?" అన్నాడు.

"మీదే" అంది సింధు.

సుబ్బాయమ్మగారు మర్యాదస్తురాలు. నవ్వు ఆపుకుని, "పెద్దవారు, మీరు పక్కన కుర్చీ వేసుకుని చెబుతూ ఉండండి టీచరుగారూ, రాజ్యలక్ష్మి కలుపుతుంది" అన్నారు.

"రోలు మా ఇంట్లో ఉందండీ" అంది రాజ్యలక్ష్మి. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంటే బాగుండేది.

పెద్దవాళ్లు వెళ్లాక పిల్లలతో కలిసి పిక్కలు ఏరుతూ అడిగాను, "ఖ మీద ఆ ఒక్కటీ ఎవరు పెట్టారర్రా?" కనీసం ఒక్క నాలుకకైనా నా చెయ్యి తెలిసిందని ఆశ.

పాస్టరుగారి చిన్నపిల్ల మెర్సీ చెయ్యెత్తింది. "నేనే మామ్మగారూ. నాకూ గ నే నచ్చింది. ఖ కి ఎవరూ పెట్టలేదని జాలేసి పెట్టా."

గ్రాఫులో అది శుద్ధ తప్పు. నా సర్వీసంతా ఎర్ర ఇంకు పెన్ను పట్టుకుని తిరిగినదాన్ని. దాన్ని మాత్రం దిద్దలేదు.