సరళ వాచీని ఆపడానికి కోవెంట్రీ దాకా

జనవరిలో ఓ శనివారం పొద్దున్నే ఈస్ట్ క్రోయిడన్‌లో రైలెక్కాను. సెయింట్ పాంక్రాస్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే యూస్టన్. అక్కడినుంచి కోవెంట్రీ గంట ప్రయాణం. వెళ్లేవాళ్లు సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి, శనివారాలు నిలబడటానికి కూడా చోటుండదు.

పని చిన్నదే. నా భార్య సరళ పోయి ఏడాదైంది. ఆమె స్విస్ వాచీ చెయ్యి కదిలితే దానంతటదే కీ తిప్పుకునే రకం. ఆఖరి రోజు ఆమె చేతికి నడుస్తున్నదాన్ని అలాగే నా చేతికి మార్చుకున్నాను. ఇంతవరకూ ఆగనివ్వలేదు. రోజూ గుండెలు ఆగడం చూసే డాక్టర్నే అయినా, ఇది ఆగితే సరళ రెండోసారి పోతుందని నా భయం. ఇప్పుడు నూనె ఎండిపోయి వెనకబడుతోంది. సర్వీసు చెయ్యకపోతే ఇక ఎప్పటికీ పనికిరాదని వాచీలు బాగుచేసే హెన్రీ ఫోన్లో చెప్పాడు.

రైల్లో పక్క సీటు ఖమ్మం అమ్మాయిది. కోవెంట్రీలో మాస్టర్స్ చదువుతోందట. డబ్బా తీసి పులిహోర నాకూ పెట్టింది. "అంకుల్, మీ వాచ్ ఉల్టా పెట్టుకున్నరు" అంది.

నిజమే. సరళ అలాగే పెట్టుకునేది. చలికాలంలో ఇక్కడి వాచీని తలకిందులు చేస్తే ఇండియా టైం కనిపిస్తుంది. నేను మాత్రం పొద్దున సరిగ్గానే పెట్టుకున్నాను. తీసి మళ్లీ సరిగ్గా పెట్టుకున్నాను.

హెన్రీ ఇల్లు స్టేషన్‌నుంచి అరగంట నడక. ఒకప్పుడు వాచీలు చేసేవాళ్ల వీధి అది, వెలుతురు కోసం మేడ మీద పెద్ద పెద్ద కిటికీలు. ఆయన వయసులో ఉండగా ఈ వాచీ చేసిన స్విస్ కంపెనీలోనే పని నేర్చుకున్నాడు.

"కంపెనీ పెట్టినాయన పోయాక, భార్య రోజూ కీ తిప్పుతూ ఆయన వాచీని ఆగనివ్వలేదు. ఆవిడ చేతిని చూసే, కదలికతో నడిచే వాచీ చెయ్యాలనుకున్నారు" అన్నాడు టీ పోస్తూ. "అప్పటినుంచీ అక్కడో ఆచారం. పోయినవాళ్ల వాచీని పనివాళ్లు ఆపరు. ఇంటివాళ్లే ఆపాలి."

తర్వాత నేను విప్పి ఇచ్చిన వాచీ పట్టీ చూసి కొత్తదా అని అడిగాడు. పోయిన నెలే వేయించానన్నాను.

"సరిగ్గా పెట్టుకుంటే కీ ఉన్నవైపు అంచు చెమటకి నల్లబడుతుంది. ఇది అవతలివైపు నల్లబడింది. మీరు రోజూ తలకిందులుగానే పెట్టుకుంటున్నారు."

కాదన్నాను. ఆయన వాదించకుండా వాచీ నా ముందుకు జరిపాడు. కీ బయటికి లాగాను. సెకన్ల ముల్లు నిలిచిపోయింది. నేను ఏడుస్తుంటే హెన్రీ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

తిరుగు రైల్లో నాలుగు దాటింది. మణికట్టు బోసిగా ఉంది. డ్యూటీ మధ్యలో రోజూ నాలుగింటికి సరళ రాజమండ్రిలో వాళ్లమ్మకి మిస్డ్ కాల్ ఇచ్చేది. క్షేమమని ఒక్క రింగు, అంతే. అక్కడ అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. నేను అత్తయ్యగారితో ఆదివారాలే మాట్లాడతాను. ఆవేళ ఉండబట్టలేక ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు.

"ఇవాళ ఆలస్యమైందేం బాబూ? రోజూ తొమ్మిదిన్నరకి ఒక్క రింగిచ్చి పెట్టేస్తావుగా. అమ్మాయి గుర్తుగా చేస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. ఇవాళ మోగకపోయేసరికి భయమేసి ఫోన్ పక్కనే కూర్చున్నా."

ఏడాదిలో ఒక్కసారి కూడా నేనలా మోగించలేదు. బయట పొలాల మీద చీకటి పడుతోంది.

"వాచీ రిపేరుకిచ్చానండీ, అందుకే. రేపు టైంకే ఇస్తాను" అన్నాను.

కోవెంట్రీ వెళ్లి వాచీ ఆపి వచ్చాను. సరళ నాలుగింటి డ్యూటీ ఇక నా డ్యూటీల పట్టికలో పడింది.