మరచెంబులో నీళ్లు

యాభైల చివర్లో, కరువు రోజుల్లో సంగతి. మిట్టమధ్యాహ్నం ముదిగుబ్బ దాటాక మా అనంతపురం బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఇంజను మూత తీయగానే ఆవిరి ఎగజిమ్మింది. రేడియేటరుకు చిల్లిపడి నీళ్లన్నీ కారిపోయాయి. అతను బట్టల సబ్బు పిసికి చిల్లికి మెత్తి, లోపలికొచ్చాడు.

“నీళ్లుంటే ఇయ్యండప్పా. ఈడ బావుల్లో చుక్క లేదు.”

ఎవరూ చెంబు బయటికి తీయలేదు. నా సంచిలో మరచెంబు ఉంది, అందులో సగానికి పైగా నీళ్లున్నాయి. సంచిని కాళ్ల మధ్యకు లాక్కున్నాను.

పక్క సీటులో ఒకామె, జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఒళ్లో పెట్టుకుని, చిన్న బిందెలో గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తోంది. ఆ బిందే ఎత్తి ఇచ్చింది.

“బిడ్డకు వద్దామ్మా?” అన్నాడు డ్రైవరు.

“బస్సు కదలకుంటే ఆస్పత్రికి ఎట్ల పోయేది? పోసుకోన్నా.”

అది చూసి ముందు సీట్లవాళ్లూ తమ చెంబులు తీశారు. అంతసేపు దాచినవాణ్ణి, ఇప్పుడు ఏ ముఖంతో తీయను?

బస్సు కదిలింది. బిడ్డ నుదుటి మీద గుడ్డ కాసేపటికే ఎండిపోయింది. ఆమె దాన్ని తీసి, దాంతోనే బిడ్డకు విసురుతూ కూర్చుంది. అప్పుడైనా ఇచ్చి ఉండవచ్చు. ఇస్తే దాచిన సంగతి బయటపడుతుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అనంతపురంలో బిడ్డను భుజాన వేసుకుని దిగబోతూ ఆమె నా దగ్గర ఆగింది.

“నీ సంచిలో నీళ్ల సప్పుడు నాకు ఆడనే ఇనబడినాదన్నా. ఇంక తాగు.”

నాలుక పిడచగట్టుకుపోయి ఉంది. మూత తిప్పలేకపోయాను.