పెద్దక్షరాల్లో గ్రూప్స్

నా సబ్జెక్టును చూసి ఎవరెవరు నవ్వారో, ఏ వరసలో నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదట డైరెక్టర్ గారు నవ్వారు. ఆయన మొహం చూసి, పక్క హాల్లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే సారు నవ్వారు. వాళ్లిద్దరినీ చూసి స్టాఫ్ రూమంతా నవ్వింది. అందరికన్నా చివర నవ్విన రీజనింగ్ మేడమ్ అప్పుడే ఫోను మాట్లాడుకుని లోపలికి వచ్చింది. దేనికి నవ్వుతోందో ఆవిడకే తెలియదు. అయినా అందరికంటే గట్టిగా నవ్వింది.

అమీర్‌పేటలో మైత్రీవనానికి దగ్గరి సందులో ఉన్న ఒక కోచింగ్ సెంటర్‌లో నేను టీచరు ఉద్యోగాల పరీక్షలకు సైకాలజీ చెబుతాను. పరీక్షలో వచ్చేంతవరకే చెప్పాలి. నాలుగు జవాబుల్లో ఏది సరైనదో తెలిస్తే చాలు, అది ఎందుకు సరైనదో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అందులోనూ సోషల్ సైకాలజీ, అంటే నలుగురి మధ్య ఉన్నప్పుడు మనిషి ఎందుకు మారిపోతాడో చెప్పే భాగాన్ని, ఒక్క క్లాసులో ముగించేయమంటారు. దాన్ని పరీక్షతో పని లేకుండా మామూలు జనానికి చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక. శనివారం పొద్దున పెద్ద హాలు ఖాళీగానే ఉంటుంది. అది ఇమ్మని అడిగాను.

నిజానికి నిరుడే అడిగాను. "అలాగేనమ్మా" అన్నారు డైరెక్టర్ గారు, ఆయన గదిలో, తలుపు వేసి ఉండగా. నెల తర్వాత గుర్తు చేస్తే "నేనలా అన్నానా?" అన్నారు. ఆయనదీ మా కోస్తా జిల్లానే. ఎవరినైనా కాదనదలచుకుంటే మాట చివర అమ్మా అని ఒకటి తగిలిస్తారు. అందుకే ఈసారి స్టాఫ్ రూములో, అందరి ముందూ అడిగాను.

"అసలు ఏముంటుందమ్మా అందులో?"

మేము వెళ్లే పంజాగుట్ట చర్చిలో జరిగింది చెప్పాను. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ కాలు తిమ్మిరెక్కి లేచి నిలబడింది. వెనక వరసవాళ్లు పాట పాడే వేళయిందనుకుని లేచారు. వాళ్లను చూసి వాళ్ల వెనకవాళ్లు. చూస్తుండగానే సంఘమంతా లేచి పాటల పుస్తకాలు తెరిచింది. పాస్టరు గారు చేతిలోని కాగితాల వంక ఒకసారి, మా వంక ఒకసారి చూసి, "పాట పాడుకుందాం" అన్నారు. పెద్దావిడ మాత్రం అప్పటికే కూర్చుంది.

"ఎవరికి వాళ్లు పక్కవాళ్లకు తెలుసనుకున్నారండీ. పాస్టరు గారితో సహా. నేను చెప్పేది ఇదేనండీ" అన్నాను.

"చర్చిలో లేచి నిలబడటానికి కూడా కోచింగ్ కావాలా అమ్మా?" అన్నారు ఆయన.

పైన చెప్పిన నవ్వు ఇక్కడిదే.

నవ్వు అయ్యాక ఆయనే ఒక బేరం పెట్టారు. వచ్చే శనివారం ఒక ఉచిత డెమో క్లాసు పెట్టుకోవచ్చు. హాలు నిండితే ప్రతి శనివారం నాదే. నిండకపోతే ఇంగ్లిష్ సారుకు ఇచ్చేస్తారు, నేను మళ్లీ ఈ ఊసెత్తకూడదు.

గుంపు అని రాస్తే గొర్రెలు గుర్తొస్తాయని, ఫ్లెక్సీకి ఇలా రాసిచ్చాను: "గ్రూపులు మనల్ని ఎలా నడిపిస్తాయి? సోషల్ సైకాలజీ, ఉచిత డెమో." శుక్రవారం సాయంత్రం తీసుకోవడానికి వెళితే, ఫ్లెక్సీ షాపాయన దాన్ని అప్పటికే మా బిల్డింగ్ గేటుకు కట్టేసి వచ్చి, ఫోనులో ఫోటో చూపించాడు. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాల్లో, ఇంత లావున "గ్రూప్స్". కింద అంతే లావున "ఉచిత డెమో". మధ్యలో మిగతాదంతా చీమల బారు.

"ఇదేంటండీ? గ్రూపులు అని కదా రాసిచ్చాను?"

"గ్రూపులు అని ఎవరంటరు మేడం? అమీర్‌పేటల అందరు గ్రూప్సే అంటరు. నేనే కరెక్ట్ జేసిన."

"మిగతాది ఎవరికి కనిపిస్తుంది?"

"అది కనవడకున్న నడుస్తది. గ్రూప్స్ అని జూస్తే మస్తు మంది ఆగుతరు. మీరు ఫికర్ జెయ్యకుండ్రి."

జిల్లాల నుంచి వచ్చి, ఇక్కడి హాస్టళ్లలో ఏళ్ల తరబడి చదివే పిల్లలకు గ్రూప్స్ అంటే గ్రూప్-1, గ్రూప్-2, సర్కారీ కొలువుల పరీక్షలు. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని ఇక్కడ ఎవరికీ తట్టదు. మళ్లీ కొట్టించే టైము లేదు. ఆ షాపు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్క నుంచి వెళతాను.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి, మెట్ల మీద నుంచి గేటు దాకా లైను. మొదట నిలబడిన ఇద్దరూ లిఫ్టు కోసం ఆగినవాళ్లని తర్వాత తెలిసింది. వాళ్ల వెనక ఇంకొకరు నిలబడ్డారు, అంతే.

"అక్కా, గిదేం లైను?" అని అడుగుతోంది ఒకమ్మాయి.

"తెల్వదే. గ్రూప్స్ అంట. ముందుగాల నిలవడు."

ఇది ఆ గ్రూప్స్ కాదని చెబుదామని ముందుకు నడిచాను. గళ్ల చొక్కా వేసుకున్న ఒకతను చెయ్యి అడ్డం పెట్టాడు. "లైన్ల రా మేడం. మేమందరం పిచ్చోళ్లమా?" వెనక ఉన్నవాళ్లంతా అవునవునన్నారు. నా క్లాసుకు నేనే లైనులో నిలబడి లోపలికి వెళ్లాను.

ఇంగ్లిష్ సారు తన హాలు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డారు. "ఏం మంత్రం ఏసిండ్రు మేడం! ఖైరతాబాద్ గణేశుని దర్శనానికి సుత ఇంత లైనుండదు."

ఆ మాటకు నాకు కలిగిన సంతోషం దాచుకోలేదు.

హాలు నిండింది. కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. అద్దాల తలుపు అవతల డైరెక్టర్ గారు నా వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపారు. నేను ఈ సెంటర్‌లో చేరాక అదే మొదటిసారి. నోరు మూసుకుని పాఠం మొదలుపెడితే హాలు నాదే. కానీ పెట్టె మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి అమ్మే షాపులతో నేను జీవితమంతా తగాదా పడ్డాను. ఆ పని నేను చేయలేను.

"ఇది గ్రూప్-2 కోచింగ్ కాదండీ" అన్నాను. "గుంపులో మనిషి ఎలా ప్రవర్తిస్తాడో చెప్పే క్లాసు."

ఒక్కరూ కదల్లేదు. పక్కవాళ్ల మొహాలు చూశారు. పక్కవాళ్లు నిబ్బరంగా కూర్చుని ఉన్నారు, అందుకని వీళ్లూ నిబ్బరంగా కూర్చున్నారు. ఒకతను నోట్సు కూడా రాసుకున్నాడు.

"గ్రూప్-2 అనుకుని వచ్చినవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు నాకు హుషారు వచ్చింది. పుస్తకాల్లో చదివి, చెప్పి చెప్పి అరిగిపోయిన పాఠం నా కళ్ల ముందు బెంచీల నిండా కూర్చుంది.

"అందరూ కళ్లు మూసుకోండి. గట్టిగా. ఇప్పుడు ఎత్తండి."

చేతులు లేచాయి. కిటికీ గట్ల మీదివి కూడా.

"దించకండి. అలాగే ఉంచి కళ్లు తెరవండి."

హాలంతా గొల్లుమంది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి, ఒకరినొకరు చూపించుకుంటూ, బెంచీలు చరుస్తూ నవ్వారు. "నేనొక్కదాన్నే ఎడ్డిదాన్ననుకున్న!" అని అరిచింది మెట్ల మీద లైను సంగతి అడిగిన అమ్మాయి. నేనూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. స్టాఫ్ రూములో నవ్విన నవ్వుకూ దీనికీ ఎంత తేడా ఉందో అప్పుడే తెలిసింది. ఇక్కడ ఎవరి మీద నవ్వుతున్నామో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే డైరెక్టర్ గారు తలుపు తోసుకుని వచ్చారు. అద్దంలోంచి ఆయనకు కనిపించింది ఎత్తిన చేతులు మాత్రమే.

"అందరూ జాయినవుతున్నట్టేనా అమ్మా?"

"కాదు సార్," అంది ఆ అమ్మాయి. "గ్రూప్-టూ అనుకొని తప్పొచ్చినోళ్లు చేతులెత్తుమన్నది మేడం. అందరం ఎత్తినం."

గళ్ల చొక్కా అతను ముందుగా లేచాడు. "నేనైతే పోతున్న మేడం. ఏమనుకోకుండ్రి, క్లాసు మస్తుంది గానీ నాకు రేపు టెస్టున్నది." ఆ ఒక్క మనిషి లేచేసరికి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది. దండాలు పెడుతూ, నవ్వుతూ చాలామంది వెళ్లిపోయారు. సగం బెంచీలు ఖాళీ అయ్యాయి.

"మరి హాలు నిండలేదు కదమ్మా" అన్నారు డైరెక్టర్ గారు, నెమ్మదిగా.

"నిండితే అన్నారు. నిండింది, మీరే చూశారు. నిండే ఉండాలని అనలేదు."

"బయట మాట్లాడుకుందాం రండి."

"బయట వద్దండీ. ఇక్కడే చెప్పండి."

తలుపు వేసిన గదిలో ఇచ్చిన మాట ఏమవుతుందో నాకు తెలుసు. నలుగురి ముందు అన్న మాటను మనిషి అంత తేలిగ్గా వదిలించుకోలేడని కూడా తెలుసు. అది నేనే చెప్పే పాఠం. ఆయన హాలు వైపు చూశారు. మిగిలినవాళ్లంతా పెన్నులు పక్కన పెట్టి ఆయననే చూస్తున్నారు.

"చెప్పుండ్రి సార్. ఇంటున్నం" అంది ఆ అమ్మాయి.

"జర గట్టిగ చెప్పుండ్రి" అన్నారు వెనక నుంచి.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ప్రతి శనివారం ఈ హాలు మేడమ్ గారిదే" అన్నారు. మాట చివర అమ్మా లేదు.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒకరు కొట్టాక ఊరుకోవడం కష్టం కాబట్టి అందరూ కొట్టారు. డైరెక్టర్ గారు కూడా, ఎవరికోసమో చూసుకోకుండానే కొట్టేశారు. ఆ చప్పట్లలో ఎన్ని నా కోసమో, ఎన్ని పక్కవాళ్లను చూసి కొట్టినవో నాకు తెలియనిది కాదు. అవి ఆగేదాకా నేను పాఠం మొదలుపెట్టలేదు.