నీలం పెన్ డ్రైవ్

చర్చి కంప్యూటరుకు కొత్త డిస్కు, ఎస్‌ఎస్‌డీ, బిగించడానికి నేను తడ నుంచి బయలుదేరిన రోజు సముద్రంలో తుపాను ఉంది. కొడవలూరు దాటి తీరం వైపు పోతే వచ్చే ఒక ఊళ్లో మా బావ పాస్టరు. నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. పాత డిస్కు టక్కుటక్కుమంటోందని అక్క వారం రోజులుగా ఫోను చేస్తూనే ఉంది.

అందులో చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఎవరిని ఏ వరుసలో ఎన్నో గుంటలో పూడ్చారన్న వివరాలు. ఒక వరదలో ఆ పుస్తకాలు నానిపోతే అక్క ఒక్కో పేజీ ఆరబెట్టి, రెండేళ్లు కూర్చుని టైపు చేసింది. తరువాత ఆ కాగితాలు ముట్టుకుంటే పొడి అయిపోయాయి.

"కాపీ ఉందా?" అని ఫోనులో అడిగాను.

"పెట్టినాలేరా. ఉండాది" అంది. ఎక్కడని నేను అడగలేదు.

మధ్యాహ్నానికి వెళ్లేసరికి ఆకాశం కిందికి దిగివచ్చినట్టుంది. బావ తీరం పక్కవాళ్లను బడిలోకి చేర్చే పనిలో ఉన్నాడు. "కరెంటు పోకముందే కానీరా" అని అక్క చర్చి కిటికీలు మూయడానికి పోయింది.

ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి ముందు దాన్ని ఒక పెన్ డ్రైవ్‌లోకి దించుకోవాలి. నాది బ్యాగులో కనబడలేదు. బల్ల సొరుగులో నీలం పెన్ డ్రైవ్ ఒకటి దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే వరసగా క్రిస్మస్ పాటలు. కిందిదాకా చూడలేదు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని తెర మీద హెచ్చరిక వచ్చింది. గాలికి తలుపు ధడేలున కొట్టుకుంది. సరే అని నొక్కేశాను.

పాత డిస్కు విప్పి పక్కన పెట్టి, కొత్తది బిగించాను. పని సాఫీగా సాగింది. ఇరవై నిమిషాల్లో తెర వెలిగింది. అక్క తడిసిన కొంగు పిండుకుంటూ వచ్చి చూసి నవ్వింది. అప్పుడు పాత డిస్కు తగిలించాను. టక్కు, టక్కు, టక్కు. కంప్యూటరు దాన్ని గుర్తుపట్టలేదు.

"పోనీలేరా, సొరుగులో నీలంది ఉండాది చూడు. అంతా దాంట్లోనే వేసినా."

సొరుగు వైపు చెయ్యి చాపిన అక్కను ఆపి, కంప్యూటరుకు గుచ్చి ఉన్న పెన్ డ్రైవ్ చూపించాను.

"ఇదేనక్కా. చెరిపేసినా."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో కూర్చుంది. "ఎవురెవురివి పోయినాయిరా?" అంది.

పాత డిస్కును మళ్లీ మళ్లీ తగిలించాను. ఏడోసారో ఎనిమిదోసారో లేచింది. పెళ్లిళ్లు వచ్చాయి. బాప్తిస్మాలు సగం దాకా వచ్చాయి. అంతలో కరెంటు పోయింది. యూపీఎస్ కూత పెడుతుండగా డిస్కు ఒక్కసారి గరగరమని ఆగిపోయింది. ఆ తరువాత అది మళ్లీ తిరగలేదు. చెరిపిన పెన్ డ్రైవ్‌ను తెలిసినవాళ్లకు చూపించినా పాటలు తప్ప ఏమీ తేలలేదు. సమాధుల ఫైలు ఎక్కడా లేదు.

మర్నాడు గాలి తగ్గాక ముగ్గురం సమాధుల తోటకు పోయాం. ఇసుకలో పాతిన కొయ్య సిలువలు చాలా మటుకు లేవు. కొన్ని కంచెకు కొట్టుకుని విరిగాయి. ఏ సిలువ ఎక్కడిదో బావకు కూడా తెలియలేదు.

అక్క నోటుపుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడగడం మొదలుపెట్టింది. సెలవు దొరికినప్పుడల్లా నేనూ వెళ్లేవాణ్ణి. ఒక రోజు ఒక ముసలామె మమ్మల్ని తోటకు తీసుకుపోయి, పక్కపక్కనున్న రెండు దిబ్బలు చూపించింది.

"వీటిల్లో ఒకటి నా బిడ్డది అమ్మగారూ. ఏదనేది మర్చిపోయినా. మీ కంప్యూటర్లో ఉంటాది గదా, సూసి సెప్పండి."

అక్క నా వైపు చూడలేదు. "చూసి చెప్తాలే అవ్వా" అంది.

ఆ ముసలామె ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడుతోందని అక్క ఫోనులో చెప్పింది. ఏమీ అడగదట. ఊరికే నిలబడి అక్క వైపు చూస్తుందట.