అమ్మ ఇచ్చిన ర్యాంకు

ఆదివారం. ఎండ. పొద్దున్నే నీళ్ల ట్యాంకు కడిగాను. అక్క కొడుకు శీను కొత్త కారు తెచ్చాడు, అమ్మను గిద్దలూరులో ఉన్న ఆమె చెల్లెలి దగ్గరికి తీసుకుపోదామని.

"పెద్ద కార్లన్నిట్లో ఇదే ఫస్ట్ ర్యాంకు అవ్వా, ఎక్కు."

మోకాళ్ల నొప్పులతో అమ్మ అంతెత్తు ఎక్కలేకపోయింది. "నేను రాలేనులే. మీ తాత ఎద్దుల బండే నయం. కాడి పైకెత్తితే వెనక నేలకు తగిలేది, నడుచుకుంటా ఎక్కేదాన్ని."

నిజమే. ఆమె సర్దుకుని కూర్చునేదాకా నాయన కాడి పట్టుకుని అట్లాగే నిలబడేవాడు.

శీను కారును అరుగుకు ఆనించి నిలిపాడు. అమ్మ అరుగు మీద నుంచి సులువుగా లోపలికి జరిగింది.

"ఇప్పుడెన్నో ర్యాంకు అవ్వా?"

"ఇప్పటికి రెండు. మా చెల్లెలింటికి అరుగు లేదు. ఎట్ల దించుతావో చూసినాక చెప్తా."

నా మొదటి ర్యాంకూ నాయన బండికే. మీది దేనికి?