అంచు రాజవ్వది, చుక్క యశోదది

కోరుట్లలో మా వంటింట్లో అన్నం వారుస్తుంటే గిన్నె మీది నుంచి కాస్త గంజి జారి పొయ్యి మీద పడి చుయ్యిమంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే ఇక నేను కోరుట్లలో ఉండను. సిరిసిల్లలో, యశోద పెద్దమ్మ మగ్గం పక్కన పీట వేసుకొని కూర్చుని ఉంటాను. గంజి పెట్టి ఆరబెట్టిన పడుగు పోగులకు కూడా అదే వాసన. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేంత ప్రత్యేకంగా ఉండేది కాదు: పొట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు, నోరు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. నేనీరోజు కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని ఏ కొంచెం శుభ్రంగా ఉన్నా ఆ శుభ్రం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

ఆమె మాకు చుట్టం కాదు, గోడ అవతలి ఇల్లు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ. దుమ్ములో నడిస్తే ఊపిరి అందేది కాదు. అందుకని బడికి పంపకుండా అమ్మే ఇంట్లో పలక పట్టించింది, చదవడం నేర్పింది. మధ్యాహ్నాలు పెద్దమ్మ ఇంట్లో గడిచేవి. చుట్టూ వీధంతా పవర్‌లూమ్‌ల మోత, ఆమె ఇంట్లో మాత్రం ఒకే ఒక్క చేతిమగ్గం. అంచు ఎలా వేయాలో గళ్ల కాగితం మీద గళ్లు నింపి చూపించేది. ఒక్కో గడి ఒక్కో పోగు అని చెప్పేది. బొమ్మ అంటే గళ్ల లెక్కేనని నాకు అక్కడే తెలిసింది.

కొత్త పడుగు ఎక్కించిన రోజు ఆమె మగ్గానికి బొట్టు పెట్టి, ఊదుబత్తి ముట్టించి, మొదటి పేకపోగు అడ్డంగా వేసేముందు, నేతవాళ్ల కులదైవంతో మొదలుపెట్టి పైకి పేర్లు చెప్పేది. "మార్కండేయస్వామీ, నీ దయ. రంగద్దింది లచ్చన్న. ఆసు వోసింది భూదవ్వ. మా అత్తమ్మ రాజవ్వ. కండెలు సుట్టింది యశోద." ఆసు మీద పోగులు పోసినవాళ్లు, కండెలకు నూలు చుట్టినవాళ్లు, అంతా అయ్యాకే పేకను మోసే నాడె కదిలేది. ఒకరోజు తెగిన పోగు ఒకటి నేను ముడివేశాను. సాయంత్రం మగ్గం దగ్గర దీపం పెట్టి మళ్లీ ఆ పేర్లు చెప్పినప్పుడు చివర నా పేరు కూడా వినిపించింది: "పోగు అతికింది సుజాత."

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "పెద్దమ్మా, వాళ్లెవరూ ఇక్కడ లేరు గదా. నువ్వు చెప్తే ఎవరికి వినవడ్తది?"

"నాకు వినవడ్తది గాదే," అంది. "చెప్పకుంటే నాలుగొద్దులకు అంతా నేనే నేసిన అనుకుంట. గా రోగం వస్తే మందు లేదు బిడ్డా."

పెళ్లయి కోరుట్లకు వచ్చాక ఇంట్లో ఉన్న లాప్‌టాప్‌లో ఒక ఆట ఆడటం మొదలుపెట్టాను. బొమ్మ మనుషులకు ఇల్లు కట్టి, వంట చేయించి, సంసారం నడిపే ఆట. అందులో అన్ని దేశాల బట్టలూ ఉన్నాయి, మన కట్టు చీర మాత్రం లేదు. ఆడేవాళ్లే కొత్త బట్టలు తయారుచేసి ఒక సైట్‌లో పెడతారని, వాటిని ఎవరైనా తమ ఆటలోకి దించుకోవచ్చని తెలిసింది. గళ్లు నింపడం నాకు వచ్చు కదా, మరి నేను ఎందుకు చేయకూడదు అనిపించింది. అయితే బొమ్మ ఒంటి మీద కుచ్చిళ్లు పడేలా బట్ట ఆకారం తయారుచేయడం, దాన్నే మెష్ అంటారు, అది వేరే విద్య. మారా అనే అమ్మాయి, పోలండ్‌లో ఉంటుందట, పొడుగు కుచ్చిళ్ల పావడా ఒకటి చేసి పెట్టింది. కింద ఇలా రాసింది: మార్చుకోండి, కానీ నాకు ముందు చెప్పండి, నా పేరు రాయండి. చెప్పాను. "సంతోషం, చీర ఎలా ఉంటుందో చూడాలని ఉంది" అని జవాబు వచ్చింది. దాని మీద పైట వేసి, అంచుకు పెద్దమ్మ నేసే చింతాకు అంచు గడి గడిగా దింపాను. వరుసగా సన్నటి ఆకులు, ఒక్కో ఆకు పక్కన ఒక చుక్క.

జగిత్యాలలో ఉండే స్రవంతి అనే అమ్మాయి ఆ ఏడు బతుకమ్మకు తెలుగువాళ్లు చేసిన ఆట బట్టలన్నీ ఒకచోట చేర్చి విడుదల చేస్తానంది. సైట్ వాళ్లు ఒప్పుకున్నవే అందులోకి వస్తాయి, గడువు శనివారం. అప్పటికే పెద్దమ్మ మగ్గం ఎక్కలేని స్థితిలో మంచం పట్టింది. ఆ అంచు ఇక ఎవరూ నేయరు. కనీసం ఆటలోనైనా, ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే ఆ అంచు కదలడం ఆమె కళ్లతో చూడాలని నా కోరిక. దేవుడికి దండం పెట్టుకొని అప్‌లోడ్ చేశాను. ఇందులో ఎవరెవరి పని ఉందో రాయమని ఒక పెట్టె ఉంది. అలవాటు ప్రకారం మొదటి నుంచి రాసుకుంటూ పోయాను: మార్కండేయస్వామి, మారా, సిరిసిల్ల యశోద, సుజాత.

మర్నాడు చీర ఆపేశారు. కారణం ఇలా రాశారు. "మార్కండేయస్వామి అనే సృష్టికర్త ఖాతా మాకు దొరకలేదు. ఆయన అనుమతి జతచేయండి. యశోద అనుమతి కూడా."

స్రవంతికి ఫోన్ చేస్తే ముందు పకపకా నవ్వింది. తర్వాత తొందరపెట్టింది. "అక్కా, ఎందుకీ లొల్లి? పేర్లన్నీ తీసేయ్. నీ ఒక్క పేరు పెట్టు, సాయంత్రానికి పాస్ అయితది. శనివారం దాటితే నా చేతిల ఏం లేదు."

"మారా పేరు తీస్తే ఎట్ల?"

"ఆమె పోలండ్‌ల ఉన్నది. మన బతుకమ్మ చీర ఆమె చూడవొస్తదా? నువ్వు గూడ మరీ!"

మారా చూస్తానందన్న సంగతి స్రవంతికి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, పొద్దున్నే వేములవాడ మీదుగా వెళ్లే బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. పెద్దమ్మ దిండుకు ఆనుకొని సంగతంతా విన్నది. స్వామివారి అనుమతి అడిగారనగానే దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఓసి పిచ్చిదానా! స్వామి సంతకం ఏడికెళ్లి తెస్తవే? ఆయన పేరు తీసెయ్యి. ఆయనేమనుకోడు, ఆయనకు ఎరుకనే. గా మారా పిల్లకు ఎరుక కావాలె గదా? ఆమె పేరు ఉంచు."

నా గుండె తేలికపడింది. ఇక ఈమె అనుమతి ఒక్కటి రికార్డు చేసి పంపితే పని అయిపోతుంది. ఫోన్ ఎదురుగా పట్టుకున్నాను. "పెద్దమ్మా, గీ చింతాకు అంచు నాది, సుజాతకు ఇస్తున్న అని చెప్పు. గంతే."

ఆమె చెంగు సర్దుకుంది, అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"గట్ల చెప్పను."

"ఎందుకు?"

"నాది గాదు గన్క. అంచు మా అత్తమ్మ రాజవ్వది. నేను ఆకు పక్కన చుక్క వెట్టిన, గంతే."

ఫోన్ కిందికి దించాను. "ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ చెప్పలేదు గదా!"

"పడుగు ఎక్కించినప్పుడల్ల చెప్తనే ఉన్న గదనే. నువ్వు పక్కన కూసుండి ఇననే లేదా?"

విన్నాను, ప్రతిసారీ విన్నాను. కోడలు అత్తను తలుచుకుంటోంది, భక్తి అనుకున్నాను. అది దండం కాదు, వాటా చెప్పడం. ఆ పేర్లలో ఒక్కటి కూడా ఊరికే చెప్పినది కాదు. "రాజవ్వ లేదు, ఇప్పుడు ఎవర్ని అడుగుతం? వాళ్లు ఒప్పుకోకపోతే శనివారం దాటిపోతది" అన్నాను.

"దాటిపోనియ్యి," అంది పెద్దమ్మ. చాలా మెల్లగా అంది, ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "నాకు సూడాలని లేదా బిడ్డా? ఉన్నది. గని మా అత్తమ్మ అంచు మీద నా పేరు సూడను. ఫోన్ వట్టు, ఉన్నది ఉన్నట్టు చెప్త."

చెప్పింది. "నేను సిరిసిల్ల యశోదను. అంచు మా అత్తమ్మ రాజవ్వది, ఆమె లేదు. ఆమె నాకు నేర్పింది, నేను సుజాతకు నేర్పిన. చుక్క నాది. మీరు మంచిగ ఆడుకోండ్రి." దాని కింద అర్థం ఇంగ్లీషులో రాసి, స్వామి పేరు తీసి, రాజవ్వ పేరు చేర్చి, మారా పేరూ లింకూ అలాగే ఉంచి పంపాను. పంపాక నాకు ఏ భయమూ లేకపోయింది. చీర వచ్చినా రాకపోయినా రాసింది నిజం.

శనివారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఆ రికార్డు చాలట, ఖాతా లేనివారి పేర్లు వివరణలో రాయవచ్చట. చీర పాస్ అయింది. స్రవంతి "బతికినవ్ అక్కా" అని పంపింది. బతుకమ్మ రోజుల్లో లాప్‌టాప్ పట్టుకెళ్లి పెద్దమ్మ మంచం మీద పెట్టాను. తెర మీద ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతున్నారు, వంగినప్పుడల్లా ఆకులూ చుక్కలూ కదులుతున్నాయి. పక్కనే తెరిచిన సైట్ పేజీలో మనుషుల పేర్లు ఉన్నాయి, ఎవరెవరు ఏ దేశం నుంచి ఆ చీరను దించుకున్నారో.

ఆమె తెరకు ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "మా అత్తమ్మ వేములాడ దాటి ఎన్నడూ పోలే," అంది. "ఇప్పుడు సూడు, ఎంత దూరం తిరుగుతున్నదో!" తర్వాత వేలితో చుక్కను తాకి, "చుక్క కొంచెం పెద్దగయింది, తగ్గియ్యి" అంది. తగ్గించాను.

ఆ చలికాలంలోనే ఆమె వెళ్లిపోయింది. ఆమె తర్వాత చాలా చీరలు చేశాను, ఇతరులు నా చీరలు తీసుకొని మార్చుకున్నారు కూడా. ఈ మధ్య ఎవరో మా అంచును ఆటలోని ఇళ్ల పరదాలకు వాడారు. ఎవరో తెలియదు, భాష కూడా నాకు రాదు. కిందికి జరుపుకుంటూ వెళ్తే వాళ్ల పేరుకు ముందు ఇంగ్లీషులో వరుసగా ఉన్నాయి: మెష్ ఫలానావారిది, అంచు రాజవ్వది, చుక్క యశోదది, దింపింది సుజాత. తెగిన పోగు అతికించిన రోజు సాయంత్రంలాగే మళ్లీ సిగ్గు ముంచుకొచ్చింది.

ఇప్పటికీ కొత్త చీర మొదలుపెట్టే ముందు లాప్‌టాప్‌కు బొట్టు పెడతాను, మా ఇంట్లోవాళ్లు నవ్వుకుంటారు. పేర్లన్నీ పైకి చెబుతాను. స్వామి పేరు ఎక్కడా రాయను, కానీ మొదట చెప్పేది ఆయన పేరే. అందరి పేర్లూ అయ్యాక మొదటి గడి నింపుతాను.