బొమ్మల ఇంట్లో నిలబడ్డ రంబు కాహి

“చావింట్లో కూడా మా దగ్గర అంతకంటే గోలుంటుంది, తెలుసా! అంత పెద్ద ఇల్లు, తెల్లటి గోడలు, తలుపులు బార్లా తీసున్నాయి. లోపల మనుషులున్నారు కానీ ఒక్కరూ నోరు విప్పరు. గోడల మీదున్నవాళ్లేమో నావైపే చూస్తున్నారు. నేనేం చేస్తాను? గుమ్మం దగ్గర చెప్పులు విడిచి ‘ఇంటివాళ్లూ!’ అని కేకేశాను. నా గొంతే తిరిగి నా దగ్గరికొచ్చింది. తీసుకో, తీసుకో, ముందు వక్క వేసుకో.”

రంబు కాహి తాటాకు బుట్టను బల్ల మీద ముందుకు జరిపింది. ముర్యాతి మొహమాటపడుతూనే ఒక ముక్క తీసుకుంది. ఈ జోగ్జా ఊళ్లో ఈ రోజుల్లో వక్క నమిలేది ముసలమ్మలే. ముర్యాతికి నలభై కూడా నిండలేదు. కానీ ఇవాళ ఆమె ఏదీ కాదనే స్థితిలో లేదు. జరిగిన పొరపాటు దిద్దుకుందామని, జిగురు బియ్యంలో కొబ్బరి పెట్టి అరిటాకులో చుట్టిన తీపి పట్టుకుని, సుంబా దీవి నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలుండే ఈ హాస్టలుకి, మొగుడు చెప్పిన గుర్తులతో వెతుక్కుంటూ వచ్చింది. రంబు కాహి ఇక్కడ వంటమనిషి. మొగుడు పోయాక, ఊరివాళ్లు పంపితే పిల్లలకు వండిపెట్టడానికి పోయిన వానాకాలంలో ఓడెక్కి వచ్చింది.

పొరపాటు నిన్న, సోమవారం జరిగింది. ముర్యాతి మొగుడు తుగిమిన్ ఊరికి దక్షిణాన ఒక చిత్రాల గ్యాలరీలో కాపలాదారు. సోమవారాలు గ్యాలరీకి సెలవు. కానీ నిన్న వీధివాళ్లంతా కలిసి కాలవ పూడిక తీస్తుంటే అతనూ పార పట్టుకుని వెళ్లాడు. ముర్యాతి ఒక్కతే ఉండగా గుమ్మంలోకి ఒకామె వచ్చి నిలబడింది. ఎర్రటి నేతగుడ్డ, ఒక చేతిలో బుట్ట, ఇంకో చేతిలో కాళ్లు కట్టిన కోడి.

“ఇవాళ కోడి వద్దమ్మా” అంది ముర్యాతి.

ఆమె చేతిలో కోడివైపు చూసుకుంది. “సరే” అని వెనక్కి తిరిగింది. ముర్యాతి తలుపు వేసేసింది.

సాయంత్రం తుగిమిన్ కాళ్లు కడుక్కుంటుంటే ఈ మాట చెప్పింది. అతని చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

“ఎర్ర గుడ్డ కట్టుకుందా?”

“కట్టుకుంది.”

“పళ్లు కూడా ఎర్రగా ఉన్నాయా?”

“ఉన్నాయి. ఏం, నీకు చుట్టమా?”

“చుట్టం కాదు. నేనే రమ్మన్నాను.”

“నువ్వా? ఎప్పుడు?”

“రోజూ” అన్నాడు తుగిమిన్ నీరసంగా. “గ్యాలరీ మూసేటప్పుడు అంటానుగా, ఒకసారి మా ఇంటికి రండి అని. పైగా సోమవారం నాకు సెలవు, పసుపు మసీదు పక్క సందు అని కూడా చెప్తాను. అందరితోనూ అంటాను. ఎవరొస్తారే!”

నిజమే, ఎవరూ రారు. ఈ ఊళ్లో ఆ మాట అనకపోతే మర్యాద తెలియదంటారు, విని నిజంగా వచ్చేస్తే ఇంకా తెలియదంటారు. ‘ఇంకోసారి వస్తాలెండి’ అని నవ్వి దాటిపోవాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, పాలతో పాటు వంటబడుతుంది. సుంబాలో అలా కాదు. అక్కడ రమ్మన్నారంటే పొయ్యి మీద కుండ పెట్టుకుని చూస్తున్నారనే.

క్షమించమని అడగడానికి ముర్యాతి దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. రంబు కాహి ఆ మాటలు ఎత్తనిస్తేగా! తుగిమిన్ భార్యనని చెప్పగానే లోపలికి లాక్కెళ్లి కూర్చోబెట్టింది, గ్యాలరీ సంగతులు మొదలుపెట్టింది. ముర్యాతికీ వినాలనిపించింది. మొగుడు ఏళ్లుగా కాపలా కాస్తున్నా, మధ్యాహ్నం క్యారియర్ వెనక తలుపు దగ్గర ఇచ్చి రావడమే తప్ప ఆమె ఏనాడూ లోపల అడుగుపెట్టలేదు.

“మరి ఎవరూ పలకలేదా?”

“మీ ఆయన పలికాడు. చెప్పులేసుకునే రావచ్చమ్మా అన్నాడు. అంతే. వక్క పెట్టలేదు. మా దగ్గర వక్క పెడితేనే మనిషి వచ్చినట్టు. పెట్టకముందే వెళ్లిపోతే ఆ ఇంటిని తిట్టినట్టు. పోనీలే, ఇంటావిడ లోపల పనిలో ఉందేమో అని నిలబడ్డాను. ఒక బొమ్మ ముందు కాళ్లు లాగితే ఇంకో బొమ్మ ముందుకి జరిగాను. దీపాలార్పేదాకా ఏ ఇంటావిడా రాలేదు తల్లీ.”

ముర్యాతి చప్పున చేత్తో నోరు మూసుకుంది. ఈ కథ ఆమె విన్నదే, కాకపోతే ఇంకోలా. ఆ రోజు తుగిమిన్ ఇంటికొచ్చి తెగ మురిసిపోయాడు. “బొమ్మలు చూడ్డమంటే అదీ! చదువుకున్నవాళ్లంతా ఫొటో తీసుకుని పరిగెడతారు. ఆమె దీపాలార్పేదాకా కదల్లేదు!”

“మరి మళ్లీ మళ్లీ ఎందుకెళ్లారమ్మా?”

“పిల్లలు పొద్దున్నే తిని బండ్లెక్కి పోతారు. గిన్నెలు కడిగేశాక ఈ ఇంట్లో కుళాయి చుక్కల చప్పుడొక్కటే. అక్కడైతే మొహాలుంటాయి. వీపుకి గంప కట్టుకున్న కూరలామె బొమ్మ ఒకటుండేదిలే. ఇవాళేం వండానో దానికి చెప్పేదాన్ని. లోపల్లోపలే. ఒక్కోసారి పైకొచ్చేసేది. మీ ఆయన అటు తిరిగి దగ్గేవాడు.”

పిల్లలు ఒకసారి ఊళ్లో పెద్ద మ్యూజియానికీ తీసుకెళ్లారట. “అక్కడంతా పెద్దమనుషుల బొమ్మలు. మెడలు నిక్కించుకుని, మనల్ని దాటి ఎటో చూస్తారు. ఒక గదిలో మసక దీపం కింద అద్దాల పెట్టె, అందులో మా వైపు గుడ్డ! ప్రాణం లేచొచ్చింది. ఎప్పుడొచ్చావు, ఒక్కదానివే వచ్చావా అని మా భాషలో పలకరించాను. వెనకాల ఎవరో అమ్మాయిలు కిసుక్కుమన్నారు. మా పిల్లలు కూడా అటు జరిగి నిలబడ్డారు, నేనెవరో తెలియనట్టు.” వక్క రసం కిటికీలోంచి బయటికి ఉమ్మి మళ్లీ నవ్వింది. “కొత్త బొమ్మలు పెట్టే సాయంత్రం చూడాలి మీ గ్యాలరీ! ఉపన్యాసాలు, ఉడకబెట్టిన పల్లీలు, టీ, ఇసకేస్తే రాలనంతమంది. ఆ ఒక్క రోజు బొమ్మలవైపు ఎవరూ చూడరు. నావైపూ చూడరు, అనుకో. బొమ్మలూ నేనూ గోడకానుకుని వాళ్లని చూశాం.”

ముర్యాతి నవ్వబోయి ఆగింది. నాలుక మీద సున్నం చురుక్కుమంటోంది.

“పోయిన వారం వెళ్లేసరికి కూరలామె లేదు” అంది రంబు కాహి. “గోడకి మేకుంది. ఎవరింటికెళ్లిందని మీ ఆయన్నడిగాను. ఎవరో కొనుక్కుపోయారు, జకార్తా అన్నాడు. అన్ని రోజులు మాట్లాడుకున్నాం, చెప్పకుండా పోయింది చూడు అనిపించింది. బొమ్మని పట్టుకుని అలగడమేమిటి, పిచ్చి కాకపోతే! ఆ సాయంత్రం మీ ఆయన మళ్లీ అన్నాడు, మా ఇంటికి రండమ్మా అని. అన్నాళ్లూ వట్టి చేతులతో ఎలా వెళ్లనని ఆగాను, అప్పుడు మాత్రం వెళ్లాలనిపించింది.”

పెరట్లో పిల్లల చెప్పుల మధ్య కోడి ఏదో గీరుతోంది. ముర్యాతి దానివైపు చూడలేకపోయింది.

“అమ్మా, నిన్న నేను…”

“నీదేం తప్పు? కోడి పట్టుకుని నిలబడితే ఎవరైనా అలాగే అనుకుంటారు. నన్ను ఎక్కించుకొచ్చిన బండివాడు కూడా ఎంతకిస్తావనడిగాడు.”

“మా ఆయన రమ్మన్నాడని ఒక్క మాటంటే సరిపోయేది కదమ్మా!”

“అందామనే అనుకున్నా. వద్దన్నది కోడిని కదా, నన్ను కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ ఉన్నా. చూసేసరికి మీ వీధి చివరికొచ్చేశాను.”

ముర్యాతి కళ్లు తుడుచుకుంది. వక్క ఘాటని నెపం పెట్టుకుంది. అడగాలనుకున్నది ఇప్పుడే అడగాలి, ఈమె మళ్లీ తమ గడప తొక్కితే తప్ప ఆ మూసిన తలుపు మనసులోంచి పోదు.

“ఇప్పుడు నేను పిలుస్తున్నాను. ఉత్తుత్తి పిలుపు కాదు. వచ్చే సోమవారం రండి, భోజనానికి.”

రంబు కాహి నమలడం ఆపింది. “ఎన్నింటికి?”

ముర్యాతి నోరు తెరిచింది. సోమవారం ఆడపడుచు కూతురి పెళ్లి. తెల్లారేసరికి వెళ్లి కొబ్బరి తురుముతూ కూర్చోవాలి. ఇంటికి తాళమే.

“సోమవారమంటే… పదకొండు… ఉండండి, ఆ రోజు మా…”

ఇంకో రోజు చెబుదామని ఆమె వేళ్ల మీద వారాలు వెతుక్కునేలోపే రంబు కాహి నవ్వింది.

“ఇంకోసారి వస్తాలే” అంది, అచ్చం జోగ్జాలో పుట్టినదానిలా.

తీపి తెచ్చిన డబ్బాలో వక్కలు నింపి ముర్యాతి చేతికిచ్చింది. గేటు దాకా వచ్చి, గొళ్లెం తీసి, దాని మీదే చెయ్యుంచుకుని నిలబడింది.

“మీ ఆయనకో మాట చెప్తావా? రేపట్నుంచి మళ్లీ వస్తాను బొమ్మల దగ్గరికి. మూసేటప్పుడు ‘జాగ్రత్తగా వెళ్లండమ్మా’ అనమను, చాలు. ఇంటికి రమ్మని మాత్రం నాతో అనొద్దను. మీవాళ్లతో అనుకోనీ, వాళ్లకి తెలుసు. నా కాళ్లకింకా తెలియదు. ఆ మాట వింటే బయల్దేరిపోతాయి. మర్చిపోకుండా చెప్పు.”